దేశం దాటే ముందు ఫోను సర్దుకుందాం



రెండేళ్ల కిందట డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ, విమానం మారడానికి నేనూ మా ఆవిడా దోహాలో దిగాం. మా ఎదురు కుర్చీలో అరవై దాటిన ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నేత చీర, భుజాన గుడ్డ సంచి. కూతురు ముందుగానే పంపించిన అమెరికా సిమ్‌ని ఫోన్‌లో వేసుకోవాలని ఆవిడ తంటాలు పడుతున్నారు. సిమ్ తీసే సూది ఇంట్లోనే మర్చిపోయారట. కాసేపు వెతుక్కుని, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీశారు. ఆ పిన్నీసు సరిగ్గా మైకు కోసం పెట్టిన చిన్న రంధ్రంలోకి పోబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. పక్కనున్న అసలు రంధ్రంలో నొక్కాక అర బయటికొచ్చింది. వచ్చిన ఊపుకి లోపలున్న మన ఇండియా సిమ్ ఎగిరి తివాచీ మీద పడింది.

వేలిగోరంత సిమ్. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని వెతికాం. చివరికి సూట్‌కేసు చక్రం కింద దొరికింది. ఆవిడ దాన్ని తీసి కళ్లకద్దుకున్నారు. "ఇది పోతే నా పెన్షను, నా బ్యాంకు, గ్యాసు బుకింగు, అన్నీ పోయినట్టే బాబూ! అన్నిటికీ మెసేజీలు దీనికే కదా వచ్చేది" అన్నారు.

ఈరోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఆవిడ ఆ ఒక్క మాటలో చెప్పేశారు. విదేశాలకు వెళ్లేటప్పుడు మన ఇండియా నంబరు మాట్లాడుకోవడానికి కాదు. అది మన ఇంటి తాళంచెవి. దాన్ని పోగొట్టుకోకూడదు, వాడి అరగదీయకూడదు. మాటలకూ నెట్‌కూ వేరే దారి చూసుకోవాలి.

ఇంతకీ ఆవిడ తీయాల్సింది మన సిమ్ కాదు. ఆ ఫోన్‌లో రెండో అర ఉంది, అందులో మెమరీ కార్డు ఉంది. మన దేశంలో అమ్మే చాలా ఫోన్లలో రెండో సిమ్మూ మెమరీ కార్డూ ఒకే అర పంచుకుంటాయి. కార్డు తీసి అక్కడ అమెరికా సిమ్ పెట్టాం. మన సిమ్‌ని తిరిగి దాని చోటే పెట్టాం. ఆవిడ ముఖం తేటపడింది.

ఈ విషయంలో నేను మొదట దెబ్బ తిన్నవాణ్ణి కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2016లో మా అమ్మాయి మొదటి కాన్పుకి బయల్దేరాం. నాది పోస్ట్‌పెయిడ్ నంబరు. ఎందుకైనా మంచిదని రోమింగ్ పెట్టించుకున్నాను గానీ ప్యాక్ ఏదీ వేయించలేదు. ప్యాక్ అనేది ఒకటుంటుందని కూడా తెలియదు. దారిలో మూడు గంటలు ఆగాల్సి వస్తే, క్షేమంగా ఉన్నామని ఒక మెసేజి పెడదామని ఫోన్ ఆన్ చేశాను. మెసేజి పెట్టాను, ఫోన్ జేబులో వేసుకుని కునుకు తీశాను. నేను నిద్రపోయినా ఫోను నిద్రపోలేదు. శంషాబాద్‌లో మమ్మల్ని సాగనంపుతూ మా తమ్ముడు తీసిన వీడియో వాట్సాప్‌లో దానంతట అదే దిగింది. నేను తీసిన ఫొటోలు వాటంతట అవే గూగుల్‌కి ఎక్కాయి. నెల తిరిగాక మా అబ్బాయి బిల్లు చదివి వినిపించాడు. 41 ఎంబీ. 10 కేబీకి ఐదున్నర రూపాయల చొప్పున ఇరవై మూడు వేలు. మనవరాలికి బంగారు మురుగులు చేయిద్దామని దాచిన డబ్బు అది.

తప్పు ఎవరిదని తర్వాత చాలా ఆలోచించాను. అసలీ రోమింగ్ అనేది ఎలా నడుస్తుందో తెలుసుకున్నాక విషయం అర్థమైంది.

మీ ఊళ్లో కిరాణా కొట్టులో మీకు ఖాతా ఉందనుకోండి. పొరుగూరు వెళ్లినప్పుడు అక్కడి కొట్టువాడు మిమ్మల్ని ఎరగడు. అయినా మీ ఊరి షావుకారు పేరు చెప్పి సరుకు తీసుకుంటారు. అతను ధర తన ఇష్టప్రకారం వేసి, చిట్టీ రాసి మీ షావుకారుకి పంపుతాడు. షావుకారు దాని మీద తన లాభం కలుపుకుని మీ ఖాతాలో రాస్తాడు. రోమింగ్ అచ్చంగా ఇదే. మీ ఫోను దోహాలోనో డాలస్‌లోనో కళ్లు తెరవగానే అక్కడి కంపెనీ టవరుని పట్టుకుంటుంది. ఆ కంపెనీ మన కంపెనీని అడిగి, ఈ మనిషి మీవాడేనా అని నిర్ధారించుకుంటుంది. ఆపైన వాడుకున్నదంతా చిట్టీల రూపంలో ఇక్కడికి వస్తుంది. ఇలాంటి ఒప్పందం మొదట జరిగింది 1992లో, ఫిన్లండ్ కంపెనీకీ బ్రిటన్‌లోని వొడాఫోన్‌కీ మధ్య.

ఇందులో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇన్‌కమింగ్ దగ్గర. తెనాలి నుంచి మా బావమరిది నాకు ఫోన్ చేస్తాడు. నేను డాలస్‌లో ఉన్నానని అతని ఫోనుకి తెలియదు. అతనికి మామూలు లోకల్ కాలే. మరి ఇండియా నుంచి అమెరికా దాకా ఆ మాటను మోసుకెళ్లిన ఖర్చు ఎవరు భరించాలి? నేనే. ఫోను ఎత్తినవాడే కట్టాలి. మన దేశంలో 2003 నుంచి ఇన్‌కమింగ్‌కి డబ్బు కట్టడం మానేశాం కాబట్టి, వచ్చిన కాల్ ఎత్తితే డబ్బు పోతుందన్న ఊహే మనకు రాదు. అక్కడ మాత్రం పోతుంది. "నిద్రపోయావా అక్కా, ఏం తిన్నావు" అని చెల్లెలు పావుగంట ఆప్యాయంగా మాట్లాడితే, ఆ పావుగంటకీ నిమిషాల లెక్కన అక్క బిల్లు కడుతుంది.

యూరప్ దేశాలు ఈ బాధను చట్టంతో తీర్చుకున్నాయి. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో వాడినా ఇంటి ధరే. ఫ్రాన్స్‌లో సిమ్ కొన్న మన విద్యార్థి ఇటలీ వెళ్లి రావచ్చు, అదనంగా ఏమీ పడదు. మన ఉపఖండంలో అలాంటి ఏర్పాటు లేదు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో ఒక మంచి పని చేసింది. వినియోగదారుడు కావాలని అడిగితే తప్ప అంతర్జాతీయ రోమింగ్ మూసే ఉంచాలంది. అడగకుండానే రోమింగ్ తెరుచుకుని దెబ్బతిన్నవాళ్లకి ఆ నియమం ఇంకా ముందొచ్చి ఉంటే బావుండేది.

సరే, తాళంచెవి సంగతికొద్దాం. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, పన్ను రిటర్ను, నవంబరులో పెన్షనర్లు ఇచ్చే జీవన ప్రమాణ పత్రం, అన్నిటికీ ఈ నంబరే కావాలి. ఆర్నెల్లు అమెరికాలో ఉండి, ఈ నంబరు ఆగిపోతే ఏమవుతుంది? తొంభై రోజుల పాటు వాడకం ఏమీ లేని నంబరుని కంపెనీ తీసేయవచ్చు. తీసేసిన నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి అమ్ముతారు. అప్పుడు మీ బ్యాంకు కబుర్లు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగుతాయి. డబ్బు నష్టం కన్నా ఇది పెద్ద ప్రమాదమని నా ఉద్దేశం.

కాబట్టి బయల్దేరడానికి వారం ముందే చేయాల్సిన పని, మీరు ఉండబోయే కాలమంతటికీ సరిపడా వ్యాలిడిటీ ఉన్న రీఛార్జ్ చేయించడం. నెట్ అక్కర్లేదు. ట్రాయ్ ఆదేశం వల్ల 2025 జనవరి నుంచి మన కంపెనీలు కాల్సూ మెసేజీలూ మాత్రమే ఉన్న ప్యాక్‌లు కూడా అమ్ముతున్నాయి. ఏడాది వ్యాలిడిటీ ఉన్నవి కూడా దొరుకుతాయి. తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అంతర్జాతీయ రోమింగ్ తెరిపించండి. ఇది విమానం ఎక్కాక చేద్దామంటే కష్టం కావచ్చు, ఇక్కడుండగానే చేయించండి. రోమింగ్ తెరిచి ఉంటే ఓటీపీ మెసేజి విదేశంలో కూడా వస్తుంది. వచ్చే మెసేజికి సాధారణంగా డబ్బు పడదు. మీ కంపెనీలో ఎలాగో ఆ ఫోన్‌లోనే అడిగి కనుక్కోండి. రోమింగ్ తెరవమన్నాను గదా అని డేటా తెరిచి ఉంచకండి. సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ అన్న మీట ఒకటి ఉంటుంది. అది మూసి ఉండాలి. నా ఇరవై మూడు వేలూ పోయింది ఆ ఒక్క మీట వల్లనే.

రెండు సిమ్‌ల ఫోనైతే నెట్ ఏ సిమ్ మీద నడవాలో కూడా మీరే చెప్పాలి. ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ మీదికి నెట్ దానంతట అదే మారే ఏర్పాటు కొన్ని ఫోన్లలో ఉంటుంది. దాన్ని ఆపించండి. ఇంకొకటి. మీ ఫోన్ ఎత్తకపోతే కాల్ ఇంకో నంబరుకి మళ్లేలా ఎప్పుడైనా పెట్టుకుని ఉంటే, అది విదేశంలో మీ డబ్బుతోనే సముద్రాలు దాటి తిరిగొస్తుంది. హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ అని నొక్కి కాల్ బటన్ నొక్కితే ఆ మళ్లింపులన్నీ ఒక్కసారిగా రద్దవుతాయి. ఇక్కడుండగానే నొక్కేయండి.

ఇక మాటలకూ నెట్‌కూ అక్కడి సిమ్. అమెరికా వెళ్లేవాళ్లకి పిల్లలు తమ ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను కలుపుతారు, లేదా నెల నెలా కట్టే ప్రీపెయిడ్ సిమ్ కొంటారు. ఇక్కడ ఒక చిక్కుంది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో తమ 3జీని మూసేశాయి. అంటే అక్కడ మాట్లాడాలంటే ఫోను 4జీ మీద మాట మోయగలగాలి. మన దగ్గర చక్కగా పనిచేసే ఫోను కూడా అక్కడి కంపెనీ ఒప్పుకున్న ఫోన్ల జాబితాలో లేకపోతే నెట్ వస్తుంది గానీ కాల్ వెళ్లదు. ముఖ్యంగా ఏటీ అండ్ టీ ఈ జాబితా పాటిస్తుంది. బయల్దేరేముందు మీ ఫోన్ మోడలూ, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ అనే గుర్తింపు సంఖ్యా పిల్లలకి పంపండి. వాళ్లు కంపెనీ దగ్గర సరిచూసి చెబుతారు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు వాడి పక్కన పెట్టిన ఐఫోన్ మన చేతిలో పెడతారు. తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. కంపెనీ తాళం తీయించావా అని ఒకటి. వాయిదాల మీద కొన్న ఫోన్లు సాధారణంగా ఆ కంపెనీ సిమ్‌కి తప్ప తెరుచుకోవు. సిమ్ అర ఉందా అన్నది రెండోది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ పెట్టే అరే లేదు, అన్నీ ఈసిమ్‌లే. మన దగ్గర జియో, ఎయిర్‌టెల్, వీ కంపెనీలు ఈసిమ్ ఇస్తున్నాయి కాబట్టి వాడుకోవచ్చు. కానీ మీ సిమ్‌ని ఈసిమ్‌గా మార్పించుకోవాలని ముందు తెలిసి ఉండాలి.

ఈసిమ్ అంటే ముక్క లేని సిమ్. ఫోను లోపలే ఉంటుంది. కంపెనీ పంపిన క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే సిమ్ వచ్చి కూర్చుంటుంది. వారం పది రోజులు సింగపూరో బ్యాంకాకో చూసి వచ్చేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. ఇంట్లో వైఫై మీద ఉండగానే ఎక్కించుకుని, దిగాక ఆన్ చేసుకుంటే చాలు. వాటిలో చాలావరకు నెట్ మాత్రమే ఉంటుంది, నంబరు ఉండదు. వాట్సాప్‌కి అది చాలు. సిమ్ మారింది కదా, వాట్సాప్ నంబరు మార్చాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఏ సిమ్ నెట్ మీద నడిచినా అది మీ పాత నంబరుతోనే ఉంటుంది. మార్చమని ఫోన్ అడిగితే వద్దనండి.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన వాళ్ల గురించి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయికీ సౌదీకీ వెళ్లే మగవాళ్లు. కడప, కోనసీమ నుంచి కువైట్‌లో ఇళ్ల పనికి వెళ్లే ఆడవాళ్లు. వీళ్లకి ఫోన్ విలాసం కాదు. ఒకప్పుడు గొంతు క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరికొచ్చే వాళ్ల చేత పంపేవాళ్లు. ఆ తర్వాత ఐఎస్‌డీ బూత్ దగ్గర మీటర్ వంక చూస్తూ మాట్లాడేవాళ్లు. ఈ మధ్య ఐమో అనే యాప్ ఆ పల్లెల్లో ఇంటిపేరులా అయిపోయింది. చదువు రాని అమ్మ కూడా "ఐమోల రా బిడ్డా" అంటుంది.

కొత్తగా దుబాయి వెళ్లే తమ్ముళ్లకి తెలియాల్సింది ఒకటుంది. అక్కడ వాట్సాప్ మెసేజీలూ, రికార్డు చేసిన మాటలూ వెళ్తాయి. కాల్ మాత్రం కలవదు. ఫోన్ చెడిపోయిందని చాలామంది హైరాన పడతారు. అది ఆ దేశపు నిబంధన. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి, వాటిలో మాట్లాడుకోవచ్చు. ఆ యాప్ ఊళ్లో అమ్మ ఫోన్‌లో కూడా ఉండాలి కనుక, విమానం ఎక్కకముందే ఆమె ఫోన్‌లో వేసి, ఒకసారి ఆమె చేతనే నొక్కించి చూపించి వెళ్లండి. రూములో ఎవరో వీపీఎన్ పెట్టుకో, వాట్సాప్ కాల్ కలుస్తుంది అంటారు. వినకండి. అక్కడి చట్టంలో వీపీఎన్ దుర్వినియోగానికి జరిమానా లక్షల దిర్హముల్లో ఉంది. ఎన్నేళ్ల కష్టమో అందులో పోతుంది. సౌదీలో ఈ ఇబ్బంది తక్కువ, ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం 2017లో ఎత్తేశారు. అక్కడ కొట్టులో సిమ్ కొనాలంటే సాధారణంగా వేలిముద్ర వేయాలి. హజ్‌కీ ఉమ్రాకీ వెళ్లే పెద్దవాళ్లు కూడా పాస్‌పోర్టు పట్టుకుని తామే వెళ్లాలి. ఏ దేశంలోనైనా సరే, ఇంకొకరి పేరు మీద తీసిన సిమ్ వాడకండి, మీ పేరు మీద ఇంకొకరికి తీసివ్వకండి. తిరిగొచ్చేటప్పుడు బాకీ కట్టి సిమ్ రద్దు చేయించుకుని రండి.

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఉండేవాళ్లు మన సిమ్‌ని బతికించుకోలేకపోతే ఇంకో దారి ఉంది. ప్రవాసుల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పది దేశాలకు అనుమతి ఇచ్చింది. సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ అందులో ఉన్నాయి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్ కూడా. ఆ జాబితాలో కువైట్ లేదు. కువైట్‌లో ఉన్న మన ఆడపడుచులు తమ బ్యాంకులో ఒకసారి అడిగి, ఇప్పుడు ఎలా ఉందో కనుక్కోవడం మంచిది.

ఇక పొరుగు దేశం సంగతి. కాశీ యాత్ర చేసి, అట్నుంచటే పశుపతినాథుణ్ణి చూడటానికి బస్సులో నేపాల్ వెళ్లేవాళ్లు చాలామంది. వీసా లేదు, విమానం లేదు. పరాయి దేశం వెళ్తున్నామన్న ధ్యాసే ఉండదు. సరిహద్దులో ఉన్న సునౌలీ గేటు దాటగానే ఫోన్‌లో గడియారం పావుగంట ముందుకి జరుగుతుంది. ఆ క్షణం నుంచి మీరు రోమింగ్‌లో ఉన్నట్టే. మన దేశంలో వేయించుకున్న అపరిమిత ప్యాక్ అక్కడ చెల్లదు. గేటు ఇవతలే డేటా ఆపేసి, అవతల ఎన్‌సెల్ సిమ్మో నేపాల్ టెలికాం సిమ్మో తీసుకోండి. బస్సులో నలభై మంది ఉంటే నలుగురు తీసుకున్నా చాలు, హాట్‌స్పాట్‌తో మిగతావాళ్లు ఇంటికి కబురు పెట్టుకోవచ్చు.

విమానంలో ఫ్లైట్ మోడ్ పెట్టమన్నప్పుడు తప్పకుండా పెట్టండి. కొన్ని విమానాల్లో ఉపగ్రహం ద్వారా నడిచే సొంత నెట్‌వర్క్ ఉంటుంది. ఫ్లైట్ మోడ్ పెట్టని ఫోను ఆకాశంలో దాన్ని పట్టుకుంటుంది. నేల మీద రోమింగ్ కంటే అది ఇంకా ఖరీదు. అన్ని రోమింగ్ ప్యాక్‌లూ దానికి వర్తించవు.

ప్యాక్‌లు అసలు వద్దని నా మాట కాదు. నాలుగు రోజుల పని మీద వెళ్లేవాళ్లకి, ఏ అర్ధరాత్రో దిగి సిమ్ కొట్టు వెతుక్కోలేని పెద్దవాళ్లకి, మన కంపెనీ ఇచ్చే రోమింగ్ ప్యాక్ ఒకటి వేయించడమే సుఖం. అయితే ఆ ప్యాక్ మీరు దిగే దేశానికే కాదు, మధ్యలో ఆగే దేశానికి కూడా వర్తిస్తుందో లేదో చూడండి. నేను మునిగింది అలా మధ్యలో ఆగిన చోటే.

ఇన్ని చెప్పాక ఒక పాత పద్ధతి కూడా చెబుతాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా, పోయినా, పగిలినా మనకి ఒక్క నంబరు కూడా నోటికి రాదు. ఇంట్లో ఎవరైనా విమానం ఎక్కుతుంటే, ఈ రాత్రే ఒక కాగితం తీసుకోండి. అక్కడ తీసుకెళ్లడానికి వచ్చేవారి నంబరు, ఇక్కడ ఇంట్లోవాళ్ల నంబరు, ముందు ప్లస్‌తో, దేశం అంకెతో సహా పెద్ద అక్షరాలతో రాయండి. అమెరికా అయితే ప్లస్ 1, మనది ప్లస్ 91, ఆ తర్వాత పది అంకెలు, మధ్యలో సున్నా వద్దు. కింద ఆ దేశపు అత్యవసర నంబరు రాయండి. అమెరికాలో 911. అక్కడ సిమ్ లేని ఫోన్ నుంచి కూడా అది కలుస్తుంది. ఆ కాగితం మడిచి పాస్‌పోర్టులో పెట్టండి. సిమ్ సూది కూడా అందులోనే సెల్లో టేపుతో అంటించండి. దోహాలో కలిసిన ఆ అమ్మ అమెరికా చేరాక చేసిన మొదటి పని అదేనని, తిరుగు ప్రయాణానికి పాస్‌పోర్టు అట్టకి సూది అంటించి పెట్టుకున్నానని, మా ఆవిడకి వాట్సాప్‌లో ఫొటో పంపారు.